సర్క్యూట్ డయాగ్రాల సంకలనాలు: వేటిని నమ్మాలి, ఎలా వాడుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్స్‌ను అభిరుచిగా నేర్చుకుంటున్నాను. ఓమ్ నియమం, ట్రాన్సిస్టర్‌ను స్విచ్‌గా వాడటం, 555 టైమర్‌తో పల్సులు పుట్టించడం, మల్టీమీటర్‌తో కొలవడం, సోల్డరింగ్ వరకు వచ్చు. వందలాది చిన్న సర్క్యూట్లను ఒకచోట చేర్చిన పాత పుస్తకాల స్కాన్ ప్రతులు, పత్రికల పేజీలు, ఐసీ (ఒకే చిప్‌లో ఇమిడిన సర్క్యూట్) తయారీదారుల డేటాషీట్లు (భాగాల వివరాలు, పరిమితులు తెలిపే పత్రాలు), ఎక్కడివో తెలియని బొమ్మలు అన్నీ కలిసి నా దగ్గర పెద్ద సేకరణ తయారైంది. అయితే అది పెరిగినకొద్దీ అందులోంచి పనికొచ్చేదాన్ని తీసుకోవడం కష్టమవుతోంది.

ఉదాహరణకు, చీకటి పడగానే దీపం వెలిగించే సర్క్యూట్ కోసం వెతికితే ఒకే ట్రాన్సిస్టర్‌తో గీసినది ఒకటి, 741 ఆప్-ఆంప్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను పెంచి చూపే ఐసీ)తో ఒకటి, 555తో ఒకటి, ఇలా చాలా కనిపిస్తాయి. ఏ ప్రాతిపదికన ఒకదాన్ని ఎంచుకోవాలో ఎక్కడా రాసి ఉండదు. చాలా డయాగ్రాల కింద ఒక వాక్యానికి మించి వివరణే ఉండదు. రెండో ఇబ్బంది, జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఎల్‌ఎం3909, ఐసీఎల్8038 వంటి తయారీ ఆగిపోయిన భాగాలతో గీసినవి ఎక్కువగా ఉండటం. మూడోది, డయాగ్రంలోనే అచ్చుతప్పు ఉందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు సోల్డరింగ్‌కు ముందే దాన్ని తేల్చుకోవడం ఎలాగన్నది. వీటితో పాటు, ఈ సేకరణను ఏ పద్ధతిలో అమర్చుకుంటే కావలసినప్పుడు కావలసినది చేతికి అందుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1

మీ మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది కాబట్టి దాని మీదే ఎక్కువగా రాస్తాను.

డయాగ్రం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే దాని మీద ఉంచదగిన నమ్మకాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఐసీ తయారీదారు తన డేటాషీట్‌లో ఇచ్చిన నమూనా సర్క్యూట్‌కు, దాన్ని విస్తరించి రాసిన అప్లికేషన్ నోట్‌కు నేను మొదటి స్థానం ఇస్తాను. ఆ భాగాన్ని తయారుచేసినవారే దాని పరిమితులను అంకెలతో సహా అక్కడ చెబుతారు. తర్వాతి స్థానం, పనిచేసే తీరును పేరా పేరాగా వివరించి, భాగాల పట్టికనూ బోర్డు నమూనానూ ఇచ్చిన పత్రికా వ్యాసాలది. వాటి విషయంలో ఒక జాగ్రత్త అవసరం: పత్రికలు తమ తప్పులకు సవరణలను తర్వాతి సంచికల్లో ప్రకటించేవి, కానీ విడిగా స్కాన్ చేసిన పేజీతో పాటు ఆ సవరణ ప్రయాణించదు. ఇతర చోట్ల నుంచి తెచ్చి, వివరణ తీసేసి, బొమ్మలను మాత్రమే కూర్చిన పెద్ద సంకలనాలు ఆ తర్వాతే వస్తాయి. ఎవరు గీశారో తెలియని విడి బొమ్మను మాత్రం ఒక సూచనగా తీసుకోవాలే తప్ప నేరుగా కట్టడానికి తీసుకోకూడదు.

అలాగని మూలాన్ని చూసి అంతా సరేననుకోవడానికి వీల్లేదు. ఎల్‌ఎం317 రెగ్యులేటర్‌నే తీసుకోండి. లెక్కలేనన్ని సంకలనాల్లో దాని అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్ పిన్నుకూ మధ్య 240 ఓమ్‌ల రెసిస్టర్ గీసి ఉంటుంది. ఆ రెండు పిన్నుల మధ్య 1.25 వోల్ట్‌లు ఉంటాయి కాబట్టి 240 ఓమ్‌ల గుండా సుమారు 5.2 మిల్లీయాంపియర్లు పారతాయి. అదే కుటుంబంలో మెరుగైన రకమైన ఎల్‌ఎం117కు కనీస లోడు కరెంటు (వోల్టేజ్ అదుపులో ఉండటానికి అవుట్‌పుట్ నుంచి తప్పక పారాల్సిన కరెంటు) గరిష్ఠంగా 5 మిల్లీయాంపియర్లని డేటాషీట్ చెబుతుంది కనుక దానికి 240 ఓమ్‌లు సరిపోతాయి. ఎల్‌ఎం317కు మాత్రం ఆ గరిష్ఠ విలువ 10 మిల్లీయాంపియర్లు. సాధారణంగా 3.5 మిల్లీయాంపియర్లతోనే పని జరిగిపోతుంది కాబట్టి అత్యధికులకు ఇబ్బంది కనబడదు. కానీ దురదృష్టవశాత్తు చేతికొచ్చిన ఐసీకి ఎక్కువ కరెంటు అవసరమైతే, లోడు కలపనప్పుడు అవుట్‌పుట్ వోల్టేజ్ మనం పెట్టినదానికంటే పైకి పోతుంది. 120 ఓమ్‌లు పెడితే 10.4 మిల్లీయాంపియర్లు పారి ఈ అనుమానమే ఉండదు, రెండో రెసిస్టర్‌ను కూడా సగం చేసుకుంటే చాలు. ఒక డయాగ్రంలోని విలువ మరో డయాగ్రంలోకి ఎలా పాకిందో, దాని వెనుక ఉన్న షరతు దారిలో ఎలా జారిపోయిందో ఈ ఒక్క రెసిస్టర్ చూపిస్తుంది.

ఇక మీ దీపం సంగతి. మూడు సర్క్యూట్లూ ఒకే పని చేస్తున్నట్లు కనిపించినా, సంధ్యవేళ వెలుతురు నెమ్మదిగా తగ్గుతున్నప్పుడు వాటి ప్రవర్తన వేరుగా ఉంటుంది. ఎల్‌డీఆర్‌కు (వెలుతురును బట్టి విలువ మారే రెసిస్టర్‌కు) ఒకే ట్రాన్సిస్టర్ జోడించిన సర్క్యూట్ ఒక్కసారిగా ఆన్ కాదు. చాలాసేపు సగం తెరుచుకుని ఉండి, ఆ సమయంలో ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది, రిలే ఉంటే కొట్టుకుంటుంది. పైగా బేస్-ఎమిటర్ వోల్టేజ్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 మిల్లీవోల్ట్‌లు తగ్గుతుంది కాబట్టి ఎంత చీకటికి వెలగాలన్న హద్దు వాతావరణంతో పాటు కదులుతుంది. ఒక చిన్న ఎల్‌ఈడీని మసకవెలుతురులో మెల్లగా వెలిగించడానికి ఇది చాలు, అంతకు మించి కాదు.

741ను కంపారేటర్‌గా, అంటే రెండు వోల్టేజ్‌లను పోల్చేదిగా, వాడినప్పుడు హద్దు స్థిరంగా ఉంటుంది. అయితే అది ఒకే సప్లై మీద పనిచేస్తున్నప్పుడు దాని అవుట్‌పుట్ సున్నా వరకు దిగదు. ఒకటిన్నర, రెండు వోల్ట్‌ల దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఉన్న ట్రాన్సిస్టర్ బేస్‌కు ఒక్క రెసిస్టర్ మాత్రమే గీసి ఉంటే ఆ వోల్టేజ్‌కే అది ఆన్‌లో ఉండిపోయి దీపం ఎప్పటికీ ఆరదు. ఎల్‌ఎం358 దాదాపు సున్నా వరకు దిగుతుంది కాబట్టి అలాంటి చోట అదే తగినది. 555తో గీసినదానిలో 2, 6 పిన్నులను కలిపితే సప్లైలో మూడింట ఒక వంతు దగ్గర ఒక మార్పు, మూడింట రెండు వంతుల దగ్గర ఒక మార్పు జరుగుతుంది. ఆ ఎడమే హిస్టరిసిస్. వెలిగిన దీపపు కాంతి ఎల్‌డీఆర్ మీద కొద్దిగా పడినా వెంటనే ఆరిపోకుండా అది కాపాడుతుంది. లోడు ఏమిటి, మార్పు ఎంత స్పష్టంగా జరగాలి, హద్దు ఎంత స్థిరంగా ఉండాలి అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే మీ దగ్గరున్న పది డయాగ్రాల్లో ఏడెనిమిది వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. రిలేనో పెద్ద దీపాన్నో నడపాలంటే నేనైతే 555ను గానీ, అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు ఒక పెద్ద రెసిస్టర్ జోడించిన ఎల్‌ఎం358ను గానీ ఎంచుకుంటాను.

జవాబు 2

రిపేరు పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, డయాగ్రంలో తప్పు పట్టుకోవడం గురించి చెబుతాను.

పాత స్కాన్‌లలో అన్నిటికంటే ముందు మాయమయ్యేది దశాంశ బిందువు. అందుకే 4.7 కిలోఓమ్‌ను 4కె7 అని, 0.47 ఓమ్‌ను ఆర్47 అని, అంటే బిందువు ఉండవలసిన చోట అక్షరాన్ని పెట్టి రాసే పద్ధతి వచ్చింది. అలా రాసిన డయాగ్రాన్ని ధైర్యంగా చదవవచ్చు. అలా కానిదానిలో ప్రతి విలువనూ అనుమానించాలి. ఇంకా పాతవాటిలో కెపాసిటర్ పక్కన ఎంఎఫ్‌డీ అని ఉంటే అది మైక్రోఫారడ్, ఎంఎంఎఫ్ అని ఉంటే పికోఫారడ్. ఎం అనే అక్షరాన్ని చూసి మిల్లీ అనుకుంటే విలువ వెయ్యి రెట్లు మారిపోతుంది. ప్రమాణాన్ని రాయకుండా .01 అని మాత్రమే వదిలేస్తే దాదాపు ఎప్పుడూ మైక్రోఫారడ్ అనే అర్థం. రెసిస్టర్‌ను వంకర గీతగా గీసినా, దీర్ఘచతురస్రంగా గీసినా అది రెసిస్టరే. మొదటిది అమెరికన్ పద్ధతి, రెండోది అంతర్జాతీయ ప్రమాణం.

రెండు తీగలు అడ్డంగా దాటే చోట చుక్క ఉంటే కలిసినట్టు, లేకపోతే కలవనట్టు. స్కాన్‌లో చుక్క చెరిగిపోవచ్చు, మరక చుక్కలా కనిపించవచ్చు. కాబట్టి చుక్కను కాక తర్కాన్ని నమ్మాలి. ప్రతి ట్రాన్సిస్టర్ బేస్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ప్రతి కలెక్టర్‌కు సప్లై నుంచి దారి ఉందా, ప్రతి ఆప్-ఆంప్ ఇన్‌పుట్‌కు డీసీ దారి ఉందా అని వేలితో వెంబడించి చూడండి. కెపాసిటర్లు మాత్రమే తగిలి ఉన్న ఇన్‌పుట్ ఒకటి కనిపిస్తే అక్కడ ఒక రెసిస్టర్ గానీ ఒక చుక్క గానీ తప్పిపోయిందని దాదాపు ఖాయం. ఐసీల సప్లై పిన్నులను చాలామంది గీయరు. 741కు 7, 4 పిన్నులు, 14 పిన్నుల 4000 శ్రేణి సీమాస్ గేట్లలో సాధారణంగా 14, 7 పిన్నులు అని చదివేవారికి తెలుసునని వదిలేస్తారు. ఐసీ పక్కనే ఉండవలసిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌దీ అదే పరిస్థితి. ముఖ్యంగా పాత బైపోలార్ 555 తన అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి పెద్ద కరెంటు లాగుతుంది కాబట్టి ఆ కెపాసిటర్ లేకపోతే పక్కనున్న కౌంటర్ ఐసీలు లేని పల్సులను లెక్కపెడతాయి. డయాగ్రంలో ఉన్నా లేకపోయినా దాన్ని పెట్టండి.

తర్వాత విలువలను లెక్కతో తట్టి చూడాలి. 12 వోల్ట్‌ల మీద 400 ఓమ్‌ల కాయిల్ ఉన్న రిలేకు 30 మిల్లీయాంపియర్లు కావాలి. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోవాలంటే బేస్‌కు అందులో పదో వంతు, అంటే 3 మిల్లీయాంపియర్లు ఇవ్వడం మంచి అలవాటు, 11.3 వోల్ట్‌లను దానితో భాగిస్తే 3.8 కిలోఓమ్‌లు వస్తుంది, కాబట్టి 3.3 గానీ 3.9 గానీ సరిపోతుంది. అదే చోట డయాగ్రంలో 100 కిలోఓమ్‌లు కనిపిస్తే, గెయిన్ (బేస్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్న విలువ) 200 ఉన్న ట్రాన్సిస్టర్ కూడా ఆ రిలేకు కావలసిన కరెంటు ఇవ్వలేదు. అక్కడ ఒక సున్నా ఎక్కువ పడి ఉండాలి, లేదా మధ్యలో ఉండవలసిన ఇంకో ట్రాన్సిస్టర్ పోయి ఉండాలి. కాయిల్‌కు అడ్డంగా తిరగేసిన డయోడ్ లేని రిలే డయాగ్రం కనిపిస్తే డయోడ్ కలిపి తీరాలి.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో మెయిన్స్ వోల్టేజ్‌ను తగ్గించే సర్క్యూట్ల గురించి హెచ్చరించకుండా ముగించలేను. అవి ప్రతి సంకలనంలోనూ ఉంటాయి. 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ 60 హెర్ట్జ్, 120 వోల్ట్‌ల మీద దాదాపు 21 మిల్లీయాంపియర్లు ఇస్తుంది; అదే కెపాసిటర్ 50 హెర్ట్జ్, 230 వోల్ట్‌ల మీద 34 మిల్లీయాంపియర్లు ఇస్తుంది. ఏ మెయిన్స్‌ను దృష్టిలో పెట్టుకుని గీశారో తెలియకుండా కడితే వెనుకనున్న జీనర్ డయోడ్ (వోల్టేజ్‌ను ఒక హద్దు దగ్గర ఆపేది) మాడిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ సర్క్యూట్‌లో ప్రతి తీగా, మనం గ్రౌండ్ అనుకునేది కూడా, మెయిన్స్‌కు నేరుగా కలిసి ఉంటుంది. దాన్ని చేత్తో తాకితే ప్రాణం పోవచ్చు, ఓసిల్లోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు తగిలిస్తే షార్ట్ కావచ్చు. పాత డయాగ్రాల్లో అక్కడ మామూలు 400 వోల్ట్‌ల కెపాసిటర్ రాసి ఉంటుంది. మెయిన్స్‌కు అడ్డంగా వాడటానికి ధ్రువీకరించిన ఎక్స్2 తరగతి కెపాసిటర్, ప్లగ్ తీసిన తర్వాత అందులోని చార్జ్‌ను హరించే రెసిస్టర్, ఒక ఫ్యూజు తప్పనిసరి. నేర్చుకునే దశలో ఉన్నవారు ఆ పేజీలను చదివి వదిలేసి ట్రాన్స్‌ఫార్మర్ గానీ తయారైన అడాప్టర్ గానీ వాడాలన్నది నా గట్టి అభిప్రాయం.

జవాబు 3

తయారీ ఆగిపోయిన భాగాల గురించి కొంత చెబుతాను.

బీసీ107, 108, 109 వంటి లోహపు టోపీ ట్రాన్సిస్టర్ల స్థానంలో బీసీ547, 548, 549 ఏ ఆలోచనా లేకుండా వాడవచ్చు. పిన్నుల వరుస మాత్రం చూసుకోవాలి. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉన్నప్పుడు బీసీ547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు సరిగ్గా తిరగేసి ఎమిటర్, బేస్, కలెక్టర్. జపాన్ రకమైన 2ఎస్‌సీ945కు ఎమిటర్, కలెక్టర్, బేస్. డయాగ్రంలో తప్పు లేకపోయినా సర్క్యూట్ పనిచేయకపోవడానికి నేను చూసినంతలో ఇదే మొదటి కారణం.

ఓసీ71, ఏసీ128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టర్ల సర్క్యూట్లలో మాత్రం సిలికాన్‌ను నేరుగా పెట్టకూడదు. జర్మేనియంకు బేస్-ఎమిటర్ మధ్య 0.2 వోల్ట్‌లు చాలు, సిలికాన్‌కు 0.6కు పైగా కావాలి కాబట్టి బయాస్ రెసిస్టర్లను (బేస్‌కు తగిన వోల్టేజ్ ఏర్పరిచేవాటిని) మళ్లీ లెక్క వేయాలి. అవి ఎక్కువగా పీఎన్‌పీ రకం కావడంతో పాజిటివ్‌ను గ్రౌండ్‌గా గీసేవారు. అలాంటి డయాగ్రంలో ఎన్‌పీఎన్ వాడాలంటే బ్యాటరీతో పాటు ప్రతి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌నూ, ప్రతి డయోడ్‌నూ తిప్పాలి. సర్క్యూట్ ఆలోచనను తీసుకుని సిలికాన్‌తో కొత్తగా గీసుకోవడమే సులభమని నాకనిపిస్తుంది.

మీరు పేర్కొన్న ఎల్‌ఎం3909 ఒకే 1.5 వోల్ట్‌ల సెల్‌తో ఎల్‌ఈడీని మెరిపించేది. సెల్ వోల్టేజ్‌కు కెపాసిటర్‌లో నిలవచేసిన వోల్టేజ్‌ను కలిపి ఎల్‌ఈడీకి ఇవ్వడం దాని కిటుకు. కాలానుగుణంగా మెరవడం ముఖ్యం కాకపోతే ఒక ట్రాన్సిస్టర్, ఫెరైట్ రింగు మీద చుట్టిన రెండు చుట్టల బ్లాకింగ్ ఆసిలేటర్ అదే సెల్‌తో ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. ఐసీఎల్8038 బదులు రెండు ఆప్-ఆంప్‌లు చాలు: ఒకటి ఇంటిగ్రేటర్, ఇంకోటి హిస్టరిసిస్ ఉన్న కంపారేటర్. వాటి నుంచి త్రికోణ, చతురస్ర తరంగాలు శుభ్రంగా వస్తాయి. సైన్ తరంగం కావాలంటే వేరే వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ కట్టుకోవడం మేలు.

కొత్త ఆప్-ఆంప్‌లను పాత డయాగ్రాల్లో పెట్టేవారికి ఒక మాట. అవుట్‌పుట్ సప్లై అంచుల దాకా వెళ్తుందన్న ఆకర్షణతో ఎంసీపీ6002 వంటిదాన్ని 741 స్థానంలో పెట్టాలనిపిస్తుంది. దాని సప్లై గరిష్ఠంగా 6 వోల్ట్‌లే. 12 వోల్ట్‌ల సర్క్యూట్‌లో అది బతకదు.

జవాబు 4

పైవారి సలహాలను గౌరవిస్తూనే, మూలంలోనే ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. వేలాది డయాగ్రాలు పోగుచేయడం నేర్చుకోవడానికి అడ్డమవుతుంది. చిన్న సర్క్యూట్లను విప్పి చూస్తే లోపల తిరిగి తిరిగి కనిపించేవి కొద్దిపాటి ముక్కలే: వోల్టేజ్ డివైడర్, ఆర్‌సీ ఆలస్యం, ట్రాన్సిస్టర్ స్విచ్, ఎమిటర్ ఫాలోయర్, కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్, డిఫరెన్షియల్ జంట, కరెంట్ మిర్రర్, కంపారేటర్, ఇంటిగ్రేటర్, ఇంకా మరికొన్ని. వీటిలో ప్రతిదాన్నీ బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి, విలువలు మార్చి, కొలిచి అర్థం చేసుకున్నవారికి చీకటి దీపపు సర్క్యూట్‌ను ఎక్కడా వెతకనక్కర్లేదు. కాగితం మీద తామే గీసుకుంటారు. సంకలనం తెరిచిన ప్రతిసారీ ఆ శ్రమ తప్పించుకునే అవకాశం దొరుకుతుంది, అదే దాని ప్రమాదం.

జవాబు 1 రాసినవారి స్పందన

ముక్కలు నేర్చుకోవాలన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ పాఠ్యపుస్తకపు ముక్కలను జోడిస్తే చాలని అనలేను, ఎందుకంటే ఆచరణలో అవసరమయ్యే కొన్ని భాగాలు సిద్ధాంతంలోంచి వాటంతటవి పుట్టవు. ఎల్‌ఎం386 ఆడియో ఆంప్లిఫయర్ డేటాషీట్ చూడండి. 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ పెడితే గెయిన్ 20 నుంచి 200 అవుతుందన్నది ఎవరైనా చదివి గ్రహిస్తారు. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 10 ఓమ్‌లు, 0.05 మైక్రోఫారడ్ వరుసగా గీసి ఉండటం ఎందుకో మాత్రం స్పీకర్ కాయిల్ స్వభావం తెలియనివారికి తోచదు. అనవసరమని తీసేస్తే చెవికి వినపడని పౌనఃపున్యంలో ఆంప్లిఫయర్ ఊగిసలాడి వేడెక్కవచ్చు.

అలాగే 555 మోనోస్టేబుల్ (ఒక్కసారి ఒకే పల్సు ఇచ్చే అమరిక) కాలానికి 1.1 × ఆర్ × సి (రెసిస్టర్, కెపాసిటర్ విలువలు) అన్న సూత్రం ఎంత పెద్ద విలువకైనా వర్తిస్తుందనిపిస్తుంది. 1 మెగాఓమ్, 1000 మైక్రోఫారడ్ పెడితే లెక్క ప్రకారం 1100 సెకన్లు రావాలి. 9 వోల్ట్‌ల సప్లై మీద కాలం ముగిసే దశలో ఆ రెసిస్టర్ గుండా వచ్చేది 3 మైక్రోయాంపియర్లే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లీకేజీయే అంత ఉంటే టైమర్ ఎన్నటికీ ముగియదు. అనుభవంతో గీసిన సంకలనాల్లో దీర్ఘకాల టైమర్‌కు 4060 వంటి 14 దశల కౌంటర్‌ను ఎందుకు వాడారో అప్పుడు తెలుస్తుంది. మంచి డయాగ్రం ముందు కూర్చుని, ఈ భాగం లేకపోతే ఏమవుతుందని ఒక్కొక్కదాన్నీ అడుగుతూ పోవడం కూడా చదువే. సంకలనాన్ని అలా వాడేవారికి అది అడ్డం కాదు.

అమరిక గురించి అడిగారు కాబట్టి నా పద్ధతి చెబుతాను. ఐసీ పేరు ప్రకారం కాక, చేసే పని ప్రకారం అమర్చుకోవడం మంచిది, ఎందుకంటే మనం వెతికేది పనినే, ఐసీని కాదు. ఫైలు పేరు పనితోనే మొదలవ్వాలి, తర్వాత సప్లై వోల్టేజ్, ఆ తర్వాత ప్రధాన భాగం. నచ్చిన డయాగ్రాన్ని అలాగే దాచకుండా సొంతంగా తిరిగి గీయండి: పాజిటివ్ పైన, గ్రౌండ్ కింద, సంకేతం ఎడమ నుంచి కుడికి. వంకరగా గీసిన ఒక మల్టీవైబ్రేటర్ (రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాన్నొకటి ఆన్, ఆఫ్ చేసుకునే సర్క్యూట్) తిరిగి గీయగానే మల్టీవైబ్రేటర్ అని తెలిసిపోతుంది. చాలా అచ్చుతప్పులు కూడా ఈ దశలోనే బయటపడతాయి. కైకాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీస్తే ఫైళ్లు మామూలు అక్షరరూపంలో ఉంటాయి కనుక భాగం పేరుతో వెతకడం తేలిక. ప్రతిదాని మీదా మూలం, సప్లై, లోడు, చేసిన మార్పులు, కొలిచిన వోల్టేజ్‌లు రాయాలి. చదివినది, సిమ్యులేట్ చేసినది, కట్టి కొలిచినది అన్న మూడు గుర్తుల్లో ఒకటి తప్పక ఉండాలి. మూడో గుర్తు ఉన్నవే నిజమైన సంకలనం, మిగతావి ముడిసరుకు.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పని ప్రకారం ఫైళ్లను విడదీయడం మొదలుపెట్టాను. సిమ్యులేషన్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక సందేహం. రెండు ట్రాన్సిస్టర్ల ఆస్టేబుల్ (తనంతట తానే ఆగకుండా ఊగిసలాడే) మల్టీవైబ్రేటర్‌ను, 47 కిలోఓమ్ బేస్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 12 వోల్ట్‌ల సప్లైతో సిమ్యులేటర్‌లో గీశాను. అది ఊగిసలాడటమే లేదు. రెండు ట్రాన్సిస్టర్లూ ఆన్‌లో ఉండిపోతున్నాయి. అదే బ్రెడ్‌బోర్డ్ మీద వెంటనే మొదలైంది, కానీ 0.69 × ఆర్ × సి సూత్రం ప్రకారం ప్రతి అర్ధకాలం 0.32 సెకన్లు రావలసి ఉండగా గమనించదగినంత తక్కువ వస్తోంది. డయాగ్రం తప్పా, సిమ్యులేటర్ తప్పా?

జవాబు 5

రెండిటికీ వేర్వేరు కారణాలున్నాయి, రెండూ తెలుసుకోదగినవే.

సిమ్యులేటర్‌లో రెండు వైపులా ఉన్న భాగాలు అచ్చంగా ఒకటే కాబట్టి, రెండు ట్రాన్సిస్టర్లూ సమానంగా ఆన్‌లో ఉండటం గణితపరంగా సరైన సమాధానమే. నిజమైన భాగాల్లో చిన్న తేడాలూ, నాయిస్ కూడా ఉంటాయి కనుక ఆ సమతూకం నిలవదు. ఒక కెపాసిటర్‌కు ప్రారంభ వోల్టేజ్ ఇవ్వండి, లేదా సప్లైని సున్నా నుంచి పైకి లేచేలా పెట్టి ఒక బేస్ రెసిస్టర్ విలువను కొద్దిగా మార్చండి, ఊగిసలాట మొదలవుతుంది.

అర్ధకాలం తగ్గడానికి కారణం సిమ్యులేటర్ మీకు చూపించలేనిది. ఒక ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే రెండోదాని బేస్ దాదాపు సప్లై అంత వోల్టేజ్ మేర కిందికి, మీ సర్క్యూట్‌లో మైనస్ 11 వోల్ట్‌ల దాకా, తోయబడుతుంది. బీసీ547 వంటివాటికి ఎమిటర్-బేస్ మధ్య తట్టుకునే వ్యతిరేక వోల్టేజ్‌గా డేటాషీట్ ఇచ్చేది 6 వోల్ట్‌లే. దాన్ని మించి కొంత దూరం పోగానే ఆ సంధి జీనర్‌లా తెగి, కెపాసిటర్‌లోని చార్జ్‌లో కొంత క్షణంలో పోతుంది. మిగిలినదానికి పట్టే సమయమే మీరు కొలుస్తున్నారు. సంధి 8 వోల్ట్‌ల దగ్గర తెగిందనుకుంటే అర్ధకాలం సుమారు 0.26 సెకన్లు వస్తుంది. సిమ్యులేటర్లు వాడే మామూలు స్పైస్ ట్రాన్సిస్టర్ నమూనాలో ఈ తెగడం ఉండదు కనుక సిమ్యులేటర్‌లో అంతా సవ్యంగా కనిపిస్తుంది. పదేపదే ఇలా జరిగితే ట్రాన్సిస్టర్ గెయిన్ కూడా క్రమంగా పడిపోతుంది. సంకలనాల్లో ఈ మల్టీవైబ్రేటర్‌ను 9, 12 వోల్ట్‌లతో యథేచ్ఛగా గీస్తారు, ఈ షరతును మాత్రం అరుదుగా రాస్తారు.

ప్రతి బేస్‌కు వరుసగా ఒక 1ఎన్4148 పెట్టండి. క్యాథోడ్ బేస్ వైపు, యానోడ్ కెపాసిటరూ 47 కిలోఓమ్ రెసిస్టరూ కలిసే చోట ఉండాలి. ఇక 0.69 సూత్రం ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజ్‌ను సున్నాగా తీసుకుంటుంది కాబట్టి నిజమైన విలువ దానికి కొంచెం పైనే ఉంటుంది: డయోడ్లతో 12 వోల్ట్‌ల మీద సుమారు 0.35 సెకన్లు రావాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు 20 శాతం వరకు తేడా మామూలే కాబట్టి ఒక్క కొలతతో ఏదీ తేలదు. అవే కెపాసిటర్లతో, డయోడ్లు లేకుండా 5 వోల్ట్‌ల మీద ఒకసారి, డయోడ్లతో 12 వోల్ట్‌ల మీద ఒకసారి కొలవండి. 5 వోల్ట్‌ల మీద సంధి తెగే ప్రసక్తి లేదు కనుక రెండు కొలతలూ దాదాపు సమానంగా ఉండాలి. మీకు వచ్చిన అంకెలను ఇక్కడ రాస్తే మిగతా తేడా దేనివల్లనో చూద్దాం.